మైలుకి ఇస్తారు, గంటకి ఇవ్వరు

లేఆఫుల కబుర్లు మొదలైన దగ్గర్నుంచి మనవాళ్ళ వాట్సప్ గ్రూపుల్లో ఒక జోకు తిరుగుతోంది: "ఏముంది, లారీ తోలుకుంటా." అంతకుముందు ఇదే జోకు ఇడ్లీ బండి పేరుతోనూ, ఊళ్ళో ఆవుల పేరుతోనూ నడిచేది. ఇడ్లీ బండి పెట్టినవాడు నాకు తెలిసినవాళ్ళలో ఒక్కడూ లేడు. లారీ మాత్రం జోకుగానే మిగిలిపోలేదు. నా మిత్రుడొకడు పదమూడేళ్ళు టెస్టింగులో పనిచేసి, ఉద్యోగం పోయాక ఎనిమిది నెలలు వెతికి, నిజంగానే సీడీఎల్ తీసుకుని పద్దెనిమిది చక్రాల బండి ఎక్కాడు. ఆ సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు నన్ను వాడి నంబరు అడిగారు. వాడికి ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. అందుకని వాడి నోట విన్నదీ, వాడి పక్క సీట్లో కూర్చుని చూసిందీ, చదివి తెలుసుకున్నదీ కలిపి ఈసారి ఇక్కడ రాస్తున్నాను.

ఐటీవాడికి ట్రక్కు ఎందుకు నచ్చుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పొద్దున్నే స్టాండప్ ఉండదు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయిందని ఫోన్ రాదు. పక్కన మేనేజరు ఉండడు. చేసిన పని కంటికి కనిపిస్తుంది: ఇక్కడ ఎక్కించిన సరుకు అక్కడ దిగింది, అయిపోయింది. పైగా యూట్యూబ్ నిండా డ్రైవర్ల వీడియోలు, వెనక సూర్యాస్తమయాలు. మా వాడు కూడా మొదట్లో ఇలాగే మాట్లాడేవాడు. ఏడాది తిరిగాక మాటలో సూర్యాస్తమయాలు తగ్గాయి, డాక్ తలుపులు పెరిగాయి. అది తర్వాత చెబుతాను.

ముందు ఎవరికి కుదురుతుందో చూద్దాం, ఎందుకంటే మనలో సగంమంది ఇక్కడే ఆగిపోతారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఈ దారి లేదు. ఆ వీసా ఒక కంపెనీకి, డిగ్రీ కావాల్సిన ఒక పనికి కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే ఉండే అరవై రోజుల గడువులో ట్రక్కు ఎక్కడం వీసా నిబంధనలకి విరుద్ధం. ఐ-485 వేసి ఈఏడీ చేతిలో ఉన్నవాళ్ళకీ ఒక మెలిక ఉంది. ఈఏడీతో ఏ పనైనా చేయవచ్చు గానీ, గ్రీన్‌కార్డు దేనిమీద వస్తోందో ఆ ఉద్యోగం, లేదా దాన్ని పోలినది, మీకోసం ఉందని చూపించాలి. సాఫ్ట్‌వేరుకీ ట్రక్కుకీ పోలిక చూపించడం ఏ లాయరు వల్లా కాదు. ఇవి కాక, శాశ్వత నివాసం లేనివాళ్ళకి ఇచ్చే సీడీఎల్ మీద 2025 సెప్టెంబరులో ఫెడరల్ రవాణా శాఖ ఒక అత్యవసర నిబంధన తెచ్చింది, నవంబరులో కోర్టు దాన్ని ఆపింది. కాబట్టి ఈఏడీ మీద ఉన్నవాళ్ళు డ్రైవింగు స్కూలుకి ఫీజు కట్టే ముందు, ఆ రోజుకి ఏ రూలు నడుస్తోందో లాయరుని అడగాలి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. మా వాడికి కార్డు వచ్చిన నాలుగో నెలలో ఉద్యోగం పోయింది. "కార్డు వచ్చాకే పీకారు, అదీ అదృష్టమే" అంటాడు.

ఇక చదువు. ట్రాక్టరు, ట్రైలరు కలిసి 26,001 పౌండ్లు దాటే బండికి క్లాస్ ఏ లైసెన్సు కావాలి. ముందు మెడికల్ కార్డు తీసుకోవాలి, అది ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళు చెల్లుతుంది. బీపీ, షుగరు ఉంటే ఇంకా తక్కువే ఇవ్వవచ్చు. కుర్చీలో కూర్చుని పదేళ్ళు గడిపిన మన ఒళ్ళు అక్కడే కొంచెం ఇబ్బంది పెడుతుంది. తర్వాత రాత పరీక్షలు: సాధారణ జ్ఞానం, ఎయిర్ బ్రేకులు, జంట వాహనాలు. బీటెక్ చదివినవాళ్ళకి ఇవి లెక్కలోవి కావు. పర్మిట్ చేతికొచ్చాక కనీసం 14 రోజులు ఆగితే గానీ డ్రైవింగు పరీక్షకి రానివ్వరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి, ప్రభుత్వ జాబితాలో ఉన్న శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలన్న నిబంధన కూడా వచ్చింది. అయితే ఇన్ని గంటలు స్టీరింగు పట్టి తీరాలని ఆ నిబంధనలో లేదు. నేర్చుకున్నాడని శిక్షకుడు ఒప్పుకుంటే చాలు. అందుకే ఒక స్కూలుకీ ఇంకో స్కూలుకీ అంత తేడా.

ఎయిర్ బ్రేకుల పాఠం మా వాడికి బాగా నచ్చింది. లారీకి పార్కింగు బ్రేకు వేసేది బలమైన స్ప్రింగు. ఆ స్ప్రింగుని వెనక్కి నొక్కి పట్టి, చక్రాన్ని తిరగనిచ్చేది గాలి. ఎక్కడైనా గొట్టం తెగి గాలి పోయిందనుకోండి, స్ప్రింగు తనంతట తనే బ్రేకు వేసేస్తుంది. "పాడైతే ప్రమాదం లేని వైపుకే పాడవ్వాలని మేం పదమూడేళ్ళు డెవలపర్లతో మొత్తుకున్నాం, వీళ్ళు ఎప్పుడో చేసి పెట్టారు" అన్నాడు. రోజూ బండి తీసేముందు చేసే తనిఖీ కూడా వాడికి అలవాటైన పనే. ముందు టైరు పళ్ళు అంగుళంలో 32 భాగాలకి 4 భాగాలైనా ఉండాలి, మిగతావాటికి 2 భాగాలు. గాలి పీడనం 60కి పడేలోపు హెచ్చరిక మోగాలి. ఇలా వరసగా పైకి చదువుతూ, చేత్తో తాకి చూపిస్తూ పరీక్షాధికారికి అప్పజెప్పాలి. టెస్ట్ కేసులు రాసినవాడికి అది పండగే.

కష్టమంతా వెనక్కి తోలడంలో ఉంది. రివర్సులో స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రైలరు తోక కుడికి పోతుంది. 53 అడుగుల ట్రైలరుని రెండు బళ్ళ మధ్య సందులోకి దూర్చాలి. మన ఊళ్ళో లారీ వెనక్కి వస్తుంటే క్లీనరు కుర్రాడు దిగి, బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ, రానీ, రైట్ రైట్" అంటాడు. ఇక్కడ క్లీనరు లేడు. పట్టాలు, తాళ్ళు, టైర్లు, కాగితాలు, వంట, నిద్ర అన్నీ ఒక్కడే చూసుకోవాలి. అనుమానం వస్తే బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసి, మళ్ళీ ఎక్కి నాలుగడుగులు తోలి, మళ్ళీ దిగాలి. మొదటి నెలలో వాడు ఒక్క డాక్‌కి తొమ్మిదిసార్లు దిగాడట. వెనక హారన్లు కొడుతున్న డ్రైవర్లలో ఒక పంజాబీ పెద్దాయన దిగి వచ్చి, కోప్పడకుండా చేత్తో సైగలు చేసి లోపల పెట్టించాడు. ఈ దేశంలో ట్రక్కు నడిపే భారతీయుల్లో ఎక్కువమంది పంజాబీలే. ఐ-40 పొడుగునా ట్రక్కుల కోసం వెలసిన ధాబాలు వాళ్ళవే. మా వాడి మధ్యాహ్న భోజనం సగం రోజులు వాళ్ళ పుణ్యమే.

ఇప్పుడు గడియారం. ట్రక్కులో మేనేజరు ఉండడన్నాను గదా, ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఇంజనుకి తగిలించిన ఈఎల్డీ అనే పెట్టె ఉంటుంది. 2017 డిసెంబరులో ఇది తప్పనిసరి అయింది. చక్రం కదిలితే దానికి తెలుస్తుంది. మనం శుక్రవారం సాయంత్రం కూర్చుని వారం మొత్తానికీ ఎనిమిదెనిమిది గంటలు వేసేసే టైంషీటు లాంటిది కాదది. రూలు ఏమిటంటే, వరసగా పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక పని మొదలుపెట్టిన నిమిషం నుంచి 14 గంటల కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలోపల 11 గంటలు తోలవచ్చు. ఎనిమిది గంటలు తోలేలోపు అరగంట ఆపాలి. ఎనిమిది రోజుల్లో 70 గంటలు పని చేశాక ఇక తోలకూడదు. 34 గంటలు వరసగా ఆగితే ఆ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. స్లీపరులో పడుకునే సమయాన్ని రెండు ముక్కలు చేసుకునే వెసులుబాటు ఉంది గానీ, మామూలు రోజున 14 గంటల కిటికీ ఒకసారి తెరుచుకున్నాక ఆగదు. ట్రాఫిక్‌లో ఉన్నా, డీజిలు పోయిస్తున్నా, గోదాము ముందు ఊరికే కూర్చున్నా నడుస్తూనే ఉంటుంది.

జీతం మాత్రం అలా నడవదు. లాంగ్ హాల్‌లో కొత్తగా చేరినవాళ్ళకి చాలాచోట్ల మైలుకి ఇంత అని లెక్క. చక్రం తిరిగితే డబ్బు, ఆగితే లేదు. అసలు విషయం ఇదే.

నిరుడు వేసవిలో వాడి కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని (అది లేకుండా పక్క సీట్లో ఎవర్నీ ఎక్కించుకోకూడదు) డాలస్ నుంచి మెంఫిస్ దాకా వాడితో వెళ్ళాను. 450 మైళ్ళు. ఆ రోజు నిజంగా బాగుంది. ఎత్తయిన సీటు, ముందు అద్దంలో అర్కన్సాస్ పొలాలు, కబుర్లు. రాత్రి వెస్ట్ మెంఫిస్‌లో ట్రక్కు స్టాపులో పడుకున్నాం. మర్నాడు ఉదయం ఆరింటికి ఒక గోదాములో సరుకు దింపాలి. ఐదుంబావుకి వాడు తనిఖీ మొదలుపెట్టాడు, కిటికీ తెరుచుకుంది. ఐదున్నరకి గేటు దగ్గరున్నాం. ఆరు దాటింది, ఏడు దాటింది. "తలుపు ఇచ్చినప్పుడు ఫోన్ చేస్తాం" అన్నారు. తొమ్మిదింబావుకి తలుపు నంబరు వచ్చింది. సరుకు దింపి, లెక్కపెట్టి, కాగితం చేతికిచ్చేసరికి పన్నెండూ నలభై. ఆ ఏడు గంటల్లో మేం తోలింది ఆ గోదాము ఆవరణలో వంద గజాలు. ముందు ట్రక్కులో ఉన్న ముసలాయన అప్పటికే మూడో నిద్ర లేచాడు.

అక్కణ్ణుంచి నలభై మైళ్ళ దూరంలో సిద్ధంగా నింపి పెట్టిన ఇంకో ట్రైలరు తగిలించుకుని, కిటికీ మూసుకుపోయే ఏడుంబావు దాకా తోలితే ఆ రోజు మొత్తం 290 మైళ్ళు అయ్యాయి. వాడికి మొదటి ఏడాది మైలుకి 52 సెంట్లు. అంటే 150 డాలర్ల 80 సెంట్లు. గోదాములో ఆపినందుకు ఇచ్చే డిటెన్షన్ డబ్బు మొదటి రెండు గంటలకి ఉండదు. ఆ తర్వాత నిండిన గంటకి 15 డాలర్ల చొప్పున నాలుగు గంటలకి 60, అదీ సరుకువాళ్ళు ఒప్పుకుంటే, నెల తర్వాత. మొత్తం 210 డాలర్ల 80 సెంట్లు. పద్నాలుగు గంటలతో భాగిస్తే గంటకి 15 డాలర్ల 6 సెంట్లు. అదే ఆటంకం లేని రోజున 600 మైళ్ళు తోలితే 312 డాలర్లు, అదే పద్నాలుగు గంటలకి గంటకి 22 చిల్లర. రెండు రోజుల్లోనూ మనిషి పడిన కష్టం ఒకటే. చెప్పాలంటే ఊరికే కూర్చున్న రోజే ఎక్కువ అలసట. పైగా రాత్రి పది గంటల విశ్రాంతి కూడా ఆ బండిలోనే, ఇంటికి 450 మైళ్ళ దూరంలో. దానికి ఎక్కడా లెక్క లేదు.

రిక్రూటరు చెప్పేది సెంట్ల లెక్క. మా వాడు ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీసుకున్నాడు: మైళ్ళు, పనిలో ఉన్న గంటలు, ఊరికే ఆగిన గంటలు. మొదటి గడి చూసి ఈ పనిలోకి వచ్చానంటాడు. మూడో గడి చూసి కంపెనీ మారాడు.

ఇది ఎవరో ఒక దుర్మార్గుడు చేసింది కాదు, చట్టాలు పేరుస్తూ పోగా ఇలా తయారైంది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న 1938 నాటి చట్టం, రాష్ట్రాల మధ్య సరుకు తోలే డ్రైవర్లకి ఓవర్‌టైం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది. (నవ్వకండి, కంప్యూటరు ఉద్యోగుల్లో చాలామందికీ అదే చట్టంలో ఇంకో మినహాయింపు ఉంది. ఈ విషయంలో మనమూ వాళ్ళూ ఒకే పడవ.) 1980 దాకా సరుకు రవాణా ధరలు ప్రభుత్వ అదుపులో ఉండేవి, టీమ్‌స్టర్స్ యూనియను బలంగా ఉండేది. ఆ ఏడాది జూలైలో కార్టర్ సంతకం చేసిన మోటార్ క్యారియర్ చట్టంతో ఆ అదుపు సడలింది. కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, ధరలు పడ్డాయి, వాటితో పాటు డ్రైవర్ల జీతాలూ పడ్డాయి. మైకేల్ బెల్జర్ అనే ఆర్థికవేత్త 2000లో దీనిమీద 'స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్' అనే పుస్తకం రాశాడు. స్టీవ్ విస్కెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్త అయితే స్వయంగా లైసెన్సు తీసుకుని, డ్రైవరుగా పనిచేసి 2016లో 'ది బిగ్ రిగ్' రాశాడు. ఈ పనిలోకి వద్దామనుకునేవాళ్ళు యూట్యూబ్ వీడియోలకి ముందు ఆ రెండో పుస్తకం చదవాలి.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ఇది బెంచి సంగతి. కన్సల్టెన్సీలో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నా హెచ్-1బీ మనిషికి జీతం ఇవ్వాల్సిందేనని 1998లో చట్టం చేశారు. ఎంతమంది పాటిస్తున్నారో మనకి తెలుసు, కానీ చట్టమైతే ఉంది, ఫిర్యాదు చేయడానికి చోటుంది. ట్రక్కులో రోజూ బెంచి ఉంటుంది. ఆ బెంచి మీద కూర్చున్న గంటలకి ఎవరు జీతం ఇవ్వాలన్నది కంపెనీ దయ, సరుకువాడి దయ.

ఆగిన గంటల ఖరీదు డబ్బుతోనే పోదు. 14 గంటలు అయిపోయేసరికి ఎక్కడ ఉన్నావో అక్కడ బండి పెట్టుకోవాలి. సాయంత్రం ఏడు దాటితే ట్రక్కు స్టాపులు నిండిపోతాయి. 2009 మార్చిలో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవరు సౌత్ కరొలినాలో సరుకు దింపాల్సిన చోటికి ముందే చేరుకున్నాడు. వాళ్ళు అప్పుడే లోపలికి రానివ్వలేదు. దగ్గర్లో మూతపడిన పెట్రోలు బంకులో బండి పెట్టుకుని పడుకుంటే, ఎవడో కాల్చి చంపి ఏడు డాలర్లు ఎత్తుకుపోయాడు. ఆయన భార్య పట్టువదలకుండా పోరాడితే 2012లో ట్రక్కుల పార్కింగు కోసం చట్టంలో ఏర్పాటు చేశారు. దాన్ని అందరూ జేసన్ చట్టమనే అంటారు. అది వచ్చి ఇన్నేళ్ళయినా పార్కింగు కొరత మాత్రం అలాగే ఉంది. మా వాడి భార్య రోజూ రాత్రి అడిగే మొదటి ప్రశ్న "తిన్నావా" కాదు, "చోటు దొరికిందా".

ఇంటి సంగతికి వస్తే, ఈ నిర్ణయంలో మనవాళ్ళు ఎక్కువగా మథనపడేది పరువు గురించి. వాళ్ళది తణుకు దగ్గర ఊరు. నాన్నగారు ఫోన్లో, "లారీ తోలడానికా నిన్ను బీటెక్ చదివించింది" అని పది రోజులు మాట్లాడలేదు. వాళ్ళావిడ మొదట్లో పార్టీల్లో ఎవరైనా అడిగితే "లాజిస్టిక్స్‌లో ఉన్నారు" అనేది. ఎవరో "ఏ స్టాక్ మీద?" అని అడిగారట. అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "రాత్రిళ్ళు కూడా తోలతావా? నీకు తోడెవరుంటార్రా?" ఆ ఫోను తర్వాత వాడు చాలాసేపు మాట్లాడలేదు. పరువుకి సంబంధించిన ప్రశ్నలన్నిటికీ వాడి దగ్గర జవాబు ఉంది, ఆవిడ ప్రశ్నకి లేదు.

నాకు తోచినంతలో ఆవిడ ఒక్కతే సరైన ప్రశ్న వేసింది. కూటి కోసం కోటి విద్యలన్నారు, అందులో లారీ తక్కువదేం కాదు. నిండా లోడున్న బండి పొడి రోడ్డు మీద 55 మైళ్ళ వేగంలో ఉంటే, అపాయం కనిపించిన క్షణం నుంచి పూర్తిగా ఆగేదాకా 419 అడుగులు పడుతుందని లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఎనభై వేల పౌండ్ల బరువుతో ఓరెగన్‌లో క్యాబేజ్ హిల్ వంపులు దిగడం, చలికాలం వయోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ దగ్గర పక్కనుంచి కొట్టే గాలికి ఖాళీ ట్రైలరు పడిపోకుండా చూసుకోవడం మన కోడు రివ్యూల కన్నా చిన్న పనులేం కావు. కానీ మూడు వారాలకోసారి రెండు రోజులు ఇంట్లో ఉండే నాన్నని ఎనిమిదేళ్ళ పిల్ల ఎలా లెక్కపెట్టుకుంటుంది? వాళ్ళ పాప గోడ మీద అమెరికా పటం పెట్టుకుని నాన్న ఉన్న ఊళ్ళో పిన్ను గుచ్చేది. చూసినవాళ్ళంతా ముచ్చటపడేవారు. ఆరో నెలలో పిన్ను మార్చడం మానేసింది. ఒమాహా దగ్గర అది అలాగే ఉండిపోయిందని వాడే చెప్పాడు.

"డ్రైవర్ల కొరత" అనే మాట మీరు వినే ఉంటారు. పెద్ద ట్రక్కు కంపెనీల్లో ఏడాదిలో మానేసేవాళ్ళ శాతం ఎన్నో ఏళ్ళు 90 చుట్టూ తిరిగింది. అంటే వందమంది పనిచేసేచోట ఏడాదిలో తొంభైసార్లు కొత్త మనిషిని వెతుక్కోవడం. లైసెన్సు ఉన్న మనుషులకి కొరత లేదు, ఆగని గడియారం కింద నిలబడేవాళ్ళే కొరత. అందుకే కొత్తవాళ్ళ కోసం "ఉచిత శిక్షణ" పథకాలు ఇన్ని ఉంటాయి. ఉచితమంటే ఏడాది పనిచేస్తే ఉచితం. మధ్యలో మానేస్తే ఫీజు వేలల్లో మీ మీద అప్పుగా పడుతుంది. దానికి మించిన వల లీజ్-పర్చేజ్: "నీ ట్రక్కుకి నువ్వే యజమాని" అని కంపెనీ తన బండినే వారం వారం కిస్తీ మీద ఇస్తుంది. లోడు ఇచ్చేదీ ఆ కంపెనీయే, కిస్తీ కోసుకునేదీ ఆ కంపెనీయే. ఈ ఒప్పందాలని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్, వీటిని నిషేధించమని 2025 జనవరిలో సిఫారసు చేసింది. ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు, సంతకం పెట్టబోయే చెయ్యి ఆగుతుంది.

ఇంకో ప్రశ్న అందరూ అడుగుతారు: టెస్టింగుని ఏఐ తిన్నట్టు ట్రక్కుని తినదా? 2025లో డాలస్, హ్యూస్టన్ మధ్య ఐ-45 మీద అరోరా సంస్థ డ్రైవరు లేని ట్రక్కులు మొదలుపెట్టింది. కొద్ది వారాలకే ట్రక్కు తయారుచేసిన కంపెనీ కోరిక మీద సీట్లో మళ్ళీ ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఎన్నేళ్ళు పడుతుందన్న జోస్యం నాకు రాదు. కానీ యంత్రం ముందు నేర్చుకునేది ఏ భాగమో చూడండి: తిన్నగా ఉండే హైవే మైళ్ళు. గోదాము గేటు దగ్గర నిలబడటం, సీలు చూపించడం, ఇరుకు సందులో వెనక్కి తోలడం, కాగితం కోసం కూర్చోవడం మనిషికే మిగులుతాయి. అంటే డబ్బు వచ్చే భాగం యంత్రానికి, రాని భాగం మనిషికి. జీతం మైలు లెక్కనే ఉంటే రేపటి డ్రైవరు దేనిమీద బతుకుతాడో ఇప్పటినుంచే అడగాలి.

మా వాడు పద్నాలుగు నెలలు లాంగ్ హాల్ చేసి, చిన్న చిన్న సరుకుల్ని కలిపి రవాణా చేసే ఎల్టీఎల్ కంపెనీలో చేరాడు. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి, ఒక టెర్మినల్‌కి ట్రైలర్లు తీసుకెళ్ళి, అక్కడ మార్చుకుని తెల్లవారేసరికి తిరిగొస్తాడు. డాక్ దగ్గర కాపలా లేదు. మైలుకీ ఇస్తారు, యార్డులో ఆగితే గంటకీ ఇస్తారు. పగలు నిద్ర, అదొక బాధ. టెస్టింగులో ఉన్నప్పటి జీతానికి ఇంకా చాలా దూరంలోనే ఉన్నాడు. దేశం మొత్తం మీద పెద్ద ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వేతనం 2024 మేలో ఏడాదికి 57,440 డాలర్లు. ఇదేం శాశ్వతం అని కూడా కాదు: తొంభై తొమ్మిదేళ్ళ చరిత్ర ఉన్న ఎల్లో అనే ఎల్టీఎల్ కంపెనీ 2023లో మూతపడితే 30 వేలమంది రోడ్డున పడ్డారు. "లేఆఫ్ లేని ఉద్యోగం కోసం రాలేదు. పాపని స్కూలు బస్సు ఎక్కించి పడుకునే ఉద్యోగం కోసం వెతికాను, దొరికింది" అంటాడు.

కాబట్టి నంబరు అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. జనం ఏమంటారో అన్న లెక్క పక్కన పెట్టండి, అది ఆరు నెలల్లో పాతబడిపోతుంది. రిక్రూటరు ఫోన్ చేసినప్పుడు మైలుకి ఎన్ని సెంట్లో అడిగి ఆగిపోవద్దు. కిందటి నెలలో మీ కొత్త డ్రైవర్లు వారానికి సగటున ఎన్ని మైళ్ళు తోలారు, దానికి ఎన్ని గంటలు పనిలో ఉన్నారు అని అడగండి. డిటెన్షన్ ఎన్నో గంట నుంచి, సరుకువాడు ఇవ్వకపోయినా డ్రైవరుకి ఇస్తారా? నిండిన ట్రైలరు తగిలించుకుని పోయే లోడ్లు ఎన్ని, డాక్ దగ్గర కాపలా కాయాల్సినవి ఎన్ని? ఇంటికి ఎన్నాళ్ళకోసారి పంపుతారో కాగితం మీద రాసిస్తారా? మధ్యలో మానేస్తే శిక్షణ ఫీజు ఎంత కట్టాలి? ఈ ఐదింటికీ తిన్నగా జవాబు చెప్పే కంపెనీ దొరికితే స్కూల్లో చేరండి. తప్పించుకు మాట్లాడితే ఇంకో కంపెనీకి ఫోన్ చేయండి. ఫోన్ చేసే ముందు ఆ ప్రశ్నల కాగితం ఇంట్లోవాళ్ళకి కూడా ఒకసారి చూపించండి. నాలుగో ప్రశ్న నిజానికి వాళ్ళది.